అప్పుల రాష్ట్రాలను కేంద్రం ఎలా గట్టెక్కిస్తోంది? అందుకు రాష్ట్రాలు చెల్లిస్తున్న మూల్యం ఏమిటి?

2024 సెప్టెంబరు ఒకటో తేదీన హిమాచల్‌ప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల బ్యాంకు ఖాతాల్లో జీతం జమ కాలేదు. పింఛనుదారులకూ అదే అనుభవం. ఆ రాష్ట్రంలో ఉద్యోగులు దాదాపు రెండు లక్షల మంది, పింఛనుదారులు లక్షన్నర మంది. కొద్ది రోజుల తర్వాత ముఖ్యమంత్రి సుఖ్వీందర్ సింగ్ సుఖూ శాసనసభలో ఇచ్చిన వివరణ, మన దేశంలో రాష్ట్రాల ఆర్థిక స్థితిని పాఠంలా విప్పిచెప్పింది. జీతాలకు నెలకు సుమారు 1,200 కోట్ల రూపాయలు, పింఛన్లకు 800 కోట్లు కావాలి. కేంద్రం నుంచి రెవెన్యూ లోటు గ్రాంటు కింద రావలసిన 520 కోట్లు ఆరో తేదీన వస్తాయి. కేంద్ర పన్నుల్లో వాటాగా రావలసిన 740 కోట్లు పదో తేదీన వస్తాయి. ఒకటో తేదీనే జీతాలు ఇవ్వాలంటే ఈ మధ్య రోజులకు ఏడున్నర శాతం వడ్డీకి అప్పు తేవాలి. జీతాలను అయిదో తేదీకి, పింఛన్లను పదో తేదీకి జరిపితే నెలకు మూడు కోట్ల రూపాయల వడ్డీ మిగులుతుందని ఆయన చెప్పారు.

మూడు కోట్లు ఒక రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద మొత్తమేమీ కాదు. ఆ మొత్తం కోసం లక్షల కుటుంబాల ఇంటి అద్దె, పాల ఖాతా, గృహరుణ వాయిదా తేదీలను మార్చవలసి వచ్చిందంటే ఖజానా ఎంత సన్నని అంచు మీద నడుస్తోందో అర్థమవుతుంది. కేంద్రం నుంచి వచ్చే సొమ్ము నాలుగు రోజులు అటూ ఇటూ అయితే జీతం అటూ ఇటూ అయ్యే స్థితి అది.

హిమాచల్ ఒక్కటే ఇలా లేదు. అప్పు వాయిదాలను కొన్నేళ్లు నిలిపివేయాలని పంజాబ్ కోరింది. పశ్చిమ బెంగాల్ అదే కోరికను అంతకు పదేళ్ల ముందే కోరింది. రుణాలను పునర్వ్యవస్థీకరించాలని తెలంగాణ అడుగుతోంది. విభజన నాటి నష్టాన్ని పూడ్చాలని ఆంధ్రప్రదేశ్ పదేళ్లకు పైగా అడుగుతూనే ఉంది. కేరళ అడగడం మాని సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈ కోరికలన్నిటి వెనుక ఉన్న ప్రశ్న ఒకటే. రాష్ట్రం అప్పుల్లో కూరుకుపోతే కాపాడవలసిన బాధ్యత కేంద్రానికి ఉందా? ఉంటే దాని ధర ఎంత, దాన్ని నిర్ణయించేది ఎవరు?

రాష్ట్రం దివాలా తీయగలదా?

మన రాజ్యాంగంలో రాష్ట్రాల దివాలాకు సంబంధించిన నిబంధన ఏదీ లేదు. 360వ అధికరణం కింద ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటించే వీలున్నా ఇంతవరకూ దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. ఆచరణలోనూ మార్కెట్ నుంచి తెచ్చిన అప్పును ఎగవేయడం రాష్ట్రానికి దాదాపు అసాధ్యం. దానికి కారణం రిజర్వు బ్యాంకు.

రాష్ట్రాల ఖజానా ఖాతాలు రిజర్వు బ్యాంకు వద్దే ఉంటాయి. రాష్ట్రాల తరఫున రుణపత్రాలను వేలం వేసేదీ అదే. వడ్డీ, అసలు చెల్లించవలసిన రోజు రాగానే ఆ మొత్తం రాష్ట్రం ఖాతాలోంచి దానంతటదే పోతుంది. ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే రిజర్వు బ్యాంకు చేబదులు ఇస్తుంది. వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సులంటే ఇవే. 2024 జులై నుంచి రాష్ట్రాలన్నిటికీ కలిపి ఈ చేబదుళ్ల పరిమితిని 60,118 కోట్ల రూపాయలకు పెంచారు. అదీ దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. ఓవర్‌డ్రాఫ్ట్‌లో వరుసగా 14 పనిదినాలకు మించి ఉండకూడదు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు రాష్ట్రం తరఫున చెల్లింపులు నిలిపివేస్తుంది.

ఇందులో సామాన్యుడికి పట్టవలసిన విషయం ఒకటుంది. ఖజానాలో పడిన రూపాయి మీద మొదటి హక్కు రుణదాతది. బాండు కొన్న బ్యాంకుకూ బీమా సంస్థకూ గడువు తేదీన డబ్బు అందుతుంది. ఆగిపోయేవి గుత్తేదారుల బిల్లులు, బోధన రుసుముల చెల్లింపులు, ఆరోగ్య పథకం కింద ఆసుపత్రులకు ఇవ్వవలసిన బకాయిలు, ఉద్యోగుల కరవు భత్యం. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ నాలుగు రకాల బకాయిలూ పార్టీలతో నిమిత్తం లేకుండా ప్రతి ప్రభుత్వ హయాంలోనూ పేరుకుపోతూ వచ్చాయి. ఎగవేత అనే మాట ఎక్కడా వినిపించదు. కానీ ఫీజు చెల్లించనిదే ధ్రువపత్రం ఇవ్వబోమని కళాశాల చెప్పినప్పుడు ఆ ఎగవేతను భరిస్తున్నది ఒక విద్యార్థి.

రుణమార్కెట్ ఈ సంగతిని బాగా గ్రహించింది. ఆర్థికంగా పటిష్ఠంగా ఉన్న రాష్ట్రం రుణపత్రానికీ, అప్పుల్లో మునిగిన రాష్ట్రం రుణపత్రానికీ వడ్డీలో తేడా చాలా స్వల్పం. బ్యాంకులు ఆ పత్రాలను చట్టబద్ధ ద్రవ్య నిష్పత్తి కింద చూపుకోవచ్చు. వాటికి నష్టభయపు లెక్క సున్నా. వెనుక కేంద్రం, రిజర్వు బ్యాంకు ఉన్నాయన్న నమ్మకమే ఇందుకు ఆధారం. కేంద్రం అలాంటి హామీ ఏదీ ఇవ్వలేదు. ఇవ్వని హామీని మార్కెట్ ఇచ్చినట్టే లెక్కవేసుకుంటోంది.

అమెరికాలో ఇందుకు భిన్నంగా జరిగింది. 1840ల తొలినాళ్లలో కాలువలు, బ్యాంకుల కోసం విపరీతంగా అప్పులు చేసిన ఎనిమిది రాష్ట్రాలు చెల్లింపులు నిలిపివేశాయి. ఫెడరల్ ప్రభుత్వం ఆదుకోవడానికి నిరాకరించింది. ఆ దెబ్బ తర్వాతే అనేక రాష్ట్రాలు అప్పులకు పరిమితులను తమ రాజ్యాంగాల్లోనే రాసుకున్నాయి. పన్నుల అధికారంలో పెద్ద భాగం కేంద్రం చేతిలోనూ, ఖర్చు బాధ్యతలో పెద్ద భాగం రాష్ట్రాల నెత్తినా ఉన్న మన వ్యవస్థలో అంత కఠినంగా ఉండటం ఏ కేంద్ర ప్రభుత్వానికీ సాధ్యం కాలేదు.

పేరు పెట్టని సాయాలు

రాష్ట్రాలను గట్టెక్కించడం కొత్త విషయం కాదు. ఆ మాటను ఎవరూ వాడకపోవడమే ఇక్కడి విశేషం. 1960లు, 70లలో రాష్ట్రాలు రిజర్వు బ్యాంకు వద్ద అనుమతి లేని ఓవర్‌డ్రాఫ్ట్‌లతో బండి నడిపేవి. అవి పేరుకుపోయినప్పుడల్లా కేంద్రం వాటిని తీర్చి, ఆ మొత్తాన్ని తాను రాష్ట్రానికి ఇచ్చిన రుణంగా రాసుకునేది. 1985లో నియంత్రణ పథకం వచ్చేవరకూ ఈ పద్ధతి సాగింది. మరోవైపు, అయిదేళ్లకోసారి వచ్చే ఆర్థిక సంఘాలు రాష్ట్రాల రుణభారాన్ని తగ్గించే సిఫార్సులు చేసేవి. ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి అధ్యక్షత వహించిన ఆరో ఆర్థిక సంఘం రాష్ట్రాలకు కల్పించిన ఊరట దాదాపు రెండు వేల కోట్ల రూపాయలు. 1970ల విలువలో అది చాలా పెద్ద మొత్తం.

అసలైన పెద్ద ఊరట 2000ల తొలి దశకంలో లభించింది. అయిదో వేతన సంఘం ప్రభావంతో జీతాల భారం పెరిగి దాదాపు అన్ని రాష్ట్రాలూ లోటులో చిక్కుకున్న కాలం అది. 13 శాతం, అంతకు మించిన వడ్డీతో కేంద్రం నుంచి తీసుకున్న పాత రుణాలను తక్కువ వడ్డీకి తెచ్చిన కొత్త రుణాలతో తీర్చుకునే వీలు 2002లో కల్పించారు. మూడేళ్లలో దాదాపు లక్ష కోట్ల రూపాయల రుణాలు అలా చేతులు మారాయి. తర్వాత సి.రంగరాజన్ అధ్యక్షతన పన్నెండో ఆర్థిక సంఘం మరో అడుగు వేసింది. కేంద్రానికి రాష్ట్రాలు చెల్లించవలసిన పాత బకాయిలన్నిటినీ ఒకటిగా కలిపి, 20 ఏళ్ల గడువుతో, 7.5 శాతం వడ్డీకి మార్చింది. రెవెన్యూ లోటు తగ్గించుకున్న మేరకు వాయిదాల మాఫీ కూడా ఉంది. ఇందుకు షరతు ఒకటే. రాష్ట్రం ద్రవ్య బాధ్యత చట్టం చేసుకోవాలి. పశ్చిమ బెంగాల్ 2010 వరకూ ఆ చట్టం చేయలేదు.

ఈ సాయం ఫలించిందనడానికి ఒడిశా సాక్ష్యం. 2000 ప్రాంతంలో అప్పుల్లో మునిగి, కేంద్రంతో సంస్కరణల ఒప్పందం కుదుర్చుకున్న రాష్ట్రం అది. 2022-23 నాటికి దాని రుణం రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 8.45 శాతమే అని కాగ్ నివేదిక తేల్చింది. 28 రాష్ట్రాల్లో అదే అతి తక్కువ. ఖనిజాల ఆదాయం కలిసివచ్చిన మాట నిజమే. అయితే ఖనిజాలు ఉన్న ప్రతి రాష్ట్రమూ ఒడిశా కాలేదు.

ఫలించని సాయానికి ఉదాహరణ విద్యుత్ రంగం. కేంద్ర విద్యుత్ సంస్థలకు రాష్ట్ర విద్యుత్ బోర్డులు పడిన బకాయిలు 2001లో 40 వేల కోట్ల రూపాయలు దాటాయి. అపరాధ వడ్డీలో 60 శాతం మాఫీ చేసి, మిగిలినదాన్ని రాష్ట్ర ప్రభుత్వాల బాండ్లుగా మార్చి ఆ ఖాతా మూశారు. 2012లో మళ్లీ పునర్వ్యవస్థీకరణ. 2015 నవంబరులో ఉదయ్ పథకం వచ్చేనాటికి పంపిణీ సంస్థల అప్పు 4.3 లక్షల కోట్లకు చేరింది. అందులో మూడొంతులను రాష్ట్ర ప్రభుత్వాలు తమ నెత్తికెత్తుకోవాలి. అలా ఎత్తుకున్న అప్పును రెండేళ్లపాటు ద్రవ్యలోటు పరిమితిలో లెక్కించబోమని కేంద్రం వెసులుబాటు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చేరాయి. అయిదేళ్లు తిరక్కుండానే, కరోనా వేళ, అవే సంస్థల కోసం మరో 90 వేల కోట్ల రుణ సదుపాయం ప్రకటించవలసి వచ్చింది. కరెంటు ఛార్జీని, సబ్సిడీని, నష్టాన్ని సరిచేయకుండా అప్పును ఒక ఖాతాలోంచి మరో ఖాతాలోకి మారిస్తే అది తిరిగి మొలకెత్తుతుందని ఇరవై ఏళ్లలో నాలుగుసార్లు రుజువైంది.

పంజాబ్ కథ వేరు. 1984-94 మధ్య ఉగ్రవాదాన్ని ఎదుర్కోవడానికి కేంద్రం ఇచ్చిన ప్రత్యేక రుణాలు తర్వాత మాఫీ అయ్యాయి. కానీ 2017లో, శాసనసభ ఎన్నికలకు కొద్ది ముందు, మరో బరువు వచ్చిపడింది. కేంద్రం కోసం ఏళ్ల తరబడి ధాన్యం, గోధుమ సేకరించిన ఖాతాల్లో తేలిన తేడా దాదాపు 31 వేల కోట్ల రూపాయలు. ఆ తేడా ఎవరిదన్న వివాదం తేలకుండానే దాన్ని 20 ఏళ్ల రుణంగా రాష్ట్రం పేరిట రాశారు. బ్యాంకులకు అది గట్టెక్కించే మార్గం. పంజాబ్‌కు మాత్రం తిన్నదెవరో తెలియని భోజనానికి బిల్లు.

తలుపు తాళం 293వ అధికరణం

రాష్ట్రాలు తమ సంచిత నిధి హామీగా దేశంలో అప్పు తెచ్చుకోవచ్చని రాజ్యాంగం 293వ అధికరణం మొదటి క్లాజు చెబుతోంది. పరిమితి నిర్ణయించే అధికారం రాష్ట్ర శాసనసభదే. మూడో క్లాజు మాత్రం ఒక మెలిక పెట్టింది. కేంద్రానికి రాష్ట్రం బాకీ ఉన్నంతకాలం, కేంద్రం సమ్మతి లేకుండా కొత్త అప్పు చేయకూడదు. ఆ సమ్మతికి షరతులు విధించే అధికారాన్ని నాలుగో క్లాజు కేంద్రానికి ఇచ్చింది. రుణదాత తన బాకీని కాపాడుకునే మామూలు నిబంధన ఇది. భూమి తాకట్టు పెట్టుకున్న వ్యక్తి, తనకు చెప్పకుండా మరొకరి దగ్గర తాకట్టు పెట్టవద్దని అడగడం లాంటిది.

బాకీ తీరిపోతే సమ్మతి అవసరమూ తీరిపోవాలి. కేంద్రం రాష్ట్రాలకు నేరుగా అప్పులివ్వడం మానుకోవాలని, రాష్ట్రాలు మార్కెట్ నుంచే తెచ్చుకోవాలని పన్నెండో ఆర్థిక సంఘం సూచించింది. ఆ దారినే నడిచి ఉంటే పాత బకాయిలు క్రమంగా కరిగిపోయి, కొన్ని రాష్ట్రాలైనా ఈ తాళం నుంచి బయటపడేవి.

కరోనా ఆ గమనాన్ని మార్చింది. జీఎస్టీ పరిహారానికి నిధి చాలకపోవడంతో కేంద్రం రెండేళ్లలో 2.69 లక్షల కోట్ల రూపాయలు అప్పు తెచ్చి రాష్ట్రాలకు రుణంగా అందించింది. దాన్ని పరిహార సెస్సుతోనే తీర్చాలన్నది అప్పటి ఏర్పాటు. అదే సమయంలో మూలధన వ్యయం కోసం వడ్డీ లేని 50 ఏళ్ల రుణాల పథకం మొదలైంది. 2020-21లో 12 వేల కోట్లతో ఆరంభమైన ఆ పథకానికి 2024-25, 2025-26 బడ్జెట్లలో ఏటా లక్షన్నర కోట్లు కేటాయించారు.

ఈ పథకం గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. 50 ఏళ్ల తర్వాత తీర్చవలసిన వంద రూపాయల బాకీకి, ఏడు శాతం వడ్డీ లెక్కన, నేటి విలువ మూడున్నర రూపాయలకు మించదు. అంటే పేరుకు అప్పు, స్వభావంలో దాదాపు గ్రాంటు. రాష్ట్రాలు ఎగబడి తీసుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ డబ్బుతో రోడ్లు, వంతెనలు, తాగునీటి పథకాలు వచ్చాయి. కానీ కాగితం మీద అది కేంద్రానికి బాకీ. 2020-21లో మొదటి వాయిదా అందుకున్న రాష్ట్రం 2070-71 వరకూ కేంద్రానికి రుణగ్రస్తురాలే. ఆమేరకు 293(3) తాళం మరో అర్ధశతాబ్దం బిగిసింది. పైగా ఆ నిధుల్లో కొంత భాగాన్ని కేంద్రం సూచించిన సంస్కరణలకు ముడిపెట్టారు. గ్రాంటుగా ఇచ్చి ఉంటే ఈ చిక్కు ఉండేది కాదు. ఆ తేడా ఢిల్లీలో ఎవరికీ తెలియదనుకోలేం.

సమ్మతికి షరతులు ఎలా ముడిపడతాయో తెలుగువారికి పంపుసెట్ల మీటర్లతోనే అర్థమైంది. 2020 మేలో రాష్ట్రాల రుణ పరిమితిని ఉత్పత్తిలో మూడు నుంచి అయిదు శాతానికి పెంచినప్పుడు, పెంపులో ఎక్కువ భాగాన్ని నాలుగు సంస్కరణలకు కట్టిపెట్టారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు, వ్యాపార సౌలభ్యం, పట్టణ పాలన సంస్థలు, విద్యుత్ రంగం. తర్వాతి సంవత్సరాల్లో విద్యుత్ సంస్కరణలకే అదనంగా అర శాతం కేటాయించారు. ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళం జిల్లాలో వ్యవసాయ పంపుసెట్లకు మీటర్లు బిగించి, రైతు ఖాతాలో సబ్సిడీ జమచేసే ప్రయోగం చేపట్టి అదనపు రుణానికి అర్హత పొందింది. మీటర్లు పెట్టబోమన్న తెలంగాణ, వేల కోట్ల రుణావకాశాన్ని వదులుకున్నామని చెప్పుకుంది. మీటర్ల మంచిచెడ్డలు వేరే చర్చ. నదికి అటూ ఇటూ ఉన్న రెండు రాష్ట్రాల రైతుల పంపుసెట్ల దగ్గర ఏం జరగాలన్నది ఒక రుణ సమ్మతి లేఖ నిర్ణయించడం ఇక్కడ గమనించవలసిన విషయం.

లెక్కలో చేరని అప్పు

పరిమితి ఉన్నచోట దాన్ని తప్పించుకునే దారి కూడా ఉంటుంది. ప్రభుత్వం ఒక కార్పొరేషన్‌ను స్థాపిస్తుంది. ఆ కార్పొరేషన్ అప్పు తెస్తుంది. ప్రభుత్వం హామీ ఇస్తుంది. వాయిదాలు బడ్జెట్లోంచే వెళ్తాయి. కానీ అప్పు ప్రభుత్వం లెక్కలో కనిపించదు. తెలంగాణ కాళేశ్వరం ఎత్తిపోతల కోసం ఇలాగే ప్రత్యేక కార్పొరేషన్ ద్వారా బ్యాంకులు, పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్, ఆర్ఈసీల నుంచి రుణాలు తెచ్చింది. నీటిని అమ్మి తీర్చగల అప్పు కాదది. ఆంధ్రప్రదేశ్ 2020లో రాష్ట్రాభివృద్ధి సంస్థను నెలకొల్పి, మద్యంపై రాబోయే పన్నును చూపి బ్యాంకుల నుంచి రుణం తెచ్చినప్పుడు కేంద్ర ఆర్థిక శాఖ రాజ్యాంగ నిబంధనలను ప్రస్తావించి వివరణ అడిగింది. కేరళ మౌలిక వసతుల నిధి సంస్థ కిఫ్బీకి మోటారు వాహన పన్నులో వాటా, పెట్రోలు సెస్సు ఆధారం.

అందుకే ఏ రాష్ట్రం అప్పు ఎంత అన్న ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కో సంఖ్య చెబుతారు. 2023 డిసెంబరులో తెలంగాణ కొత్త ప్రభుత్వం శ్వేతపత్రంలో 6,71,757 కోట్లు అంది. అంతకుముందు పాలించిన పార్టీ ఆ లెక్కను తోసిపుచ్చింది. 2024 జులైలో ఆంధ్రప్రదేశ్ శ్వేతపత్రం 9.74 లక్షల కోట్లు అంది. అక్కడా అదే తంతు. బడ్జెట్ రుణాలు మాత్రమే లెక్కిస్తే ఒక సంఖ్య వస్తుంది. హామీలు, కార్పొరేషన్ల అప్పులు, చెల్లించని బిల్లులు కలిపితే మరొకటి వస్తుంది. రెండు పక్షాలూ తమకు అనువైన గీత దగ్గర కూడిక ఆపుతాయి. ఈ కూడికను తటస్థంగా చేసే ద్రవ్య మండలి కావాలని నిపుణుల సంఘాలు పదేపదే సిఫార్సు చేసినా కేంద్రం దాన్ని ఏర్పాటు చేయలేదు.

దేశం మొత్తంమీద చూస్తే రాష్ట్రాల రుణభారం 2021 మార్చి నాటికి జీడీపీలో 31 శాతానికి పెరిగి, 2024 మార్చికి 28.5 శాతానికి తగ్గింది. ఎన్.కె.సింగ్ కమిటీ 2017లో సూచించిన గీత 20 శాతం. రూపాయల్లో చెప్పాలంటే 2013-14లో 17.57 లక్షల కోట్లున్న రాష్ట్రాల ప్రభుత్వ రుణం 2022-23కి 59.60 లక్షల కోట్లకు చేరిందని కాగ్ లెక్కించింది. ఉత్పత్తితో పోలిస్తే అత్యధికం పంజాబ్‌లో, 40.35 శాతం. అప్పు పెరగడం కంటే అది దేనికి ఖర్చవుతోందన్నది ముఖ్యం. తెచ్చిన అప్పు ఆస్తుల కల్పనకు కాక నిత్య ఖర్చులకు పోతున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, పంజాబ్ ఉన్నాయి. శ్రీలంక చెల్లింపులు నిలిపివేసిన రెండు నెలలకు, 2022 జూన్‌లో, రిజర్వు బ్యాంకు అధికారులు ప్రచురించిన విశ్లేషణలో హెచ్చరిక జాబితాలోని పది రాష్ట్రాల్లోనూ ఈ రెండింటి పేర్లు కనిపించాయి.

2022 మార్చిలో కేంద్రం నిర్ణయం తీసుకుంది. బడ్జెట్ నుంచి వాయిదాలు కట్టే కార్పొరేషన్ అప్పులన్నిటినీ రాష్ట్రం అప్పుగానే లెక్కించి, గత రెండేళ్లలో తెచ్చినదాన్ని ఇకపై ఇచ్చే పరిమితిలోంచి కోస్తామంది. ఆ వేసవిలో తెలంగాణకు కొన్ని వారాలపాటు వేలానికి సమ్మతి రాలేదు. రుణపత్రాల క్యాలెండర్‌లో పేరు ఉన్నా మంగళవారం వేలంలో పాల్గొనలేకపోయింది. జూన్‌లో సమ్మతి దొరికింది.

కేరళ దావా

కేరళకు ఆ కోత మింగుడు పడలేదు. 2023 డిసెంబరులో 131వ అధికరణం కింద నేరుగా కేంద్రంపై సుప్రీంకోర్టులో దావా వేసింది. 293వ అధికరణం చెప్పేది ప్రభుత్వం చేసే అప్పు గురించే అని, కిఫ్బీ వంటి సంస్థల రుణాలనూ ప్రజాపద్దులోని సొమ్మునూ పరిమితిలో చేర్చే అధికారం కేంద్రానికి లేదని దాని వాదన. 26 వేల కోట్ల రూపాయలకు పైగా అప్పు చేసుకోవడానికి తక్షణం అనుమతించాలని కోరింది. రాష్ట్రం విచ్చలవిడిగా అప్పు చేస్తే దేశం మొత్తం పరపతి దెబ్బతింటుందని, వడ్డీ రేట్లు అందరికీ పెరుగుతాయని కేంద్రం బదులిచ్చింది.

ఇద్దరి మాటలోనూ పస ఉంది. పన్ను డబ్బుతో తీర్చవలసిన అప్పు ఏ బోర్డు పేరిట తెచ్చినా ప్రజల అప్పే. దాన్ని లెక్కలో చూపమనడం న్యాయం. అయితే ఆ న్యాయం చెబుతున్న కేంద్రం కూడా భారత ఆహార సంస్థకు ఇవ్వవలసిన సబ్సిడీని ఏళ్లపాటు చిన్న పొదుపుల నిధి నుంచి అప్పుగా ఇప్పించి బడ్జెట్ వెలుపల ఉంచింది. 2021 ఫిబ్రవరి బడ్జెట్లోనే దాన్ని లెక్కలోకి తెచ్చింది. కేంద్రానికి అలా లెక్క సరిదిద్దుకునే తీరిక దొరికింది. రాష్ట్రాలకు గత సంవత్సరపు అప్పును ఈ సంవత్సరపు పరిమితిలోంచి కోశారు.

దావా నడుస్తుండగా జరిగిన ఒక ఘటన అసలు సమస్యను బయటపెట్టింది. 13,608 కోట్ల రుణానికి సమ్మతి ఇస్తామని, అయితే దావా ఉపసంహరించుకోవాలని కేంద్రం షరతు పెట్టింది. కోర్టుకెళ్లడం రాష్ట్రానికి రాజ్యాంగమిచ్చిన హక్కని న్యాయమూర్తులు గుర్తుచేశాక ఆ షరతు వీగిపోయింది. మరో 5,000 కోట్లకు ప్రత్యేక అనుమతి ఇస్తామన్న ప్రతిపాదనను చాలదని కేరళ కాదంది. 2024 ఏప్రిల్ 1న జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ కె.వి.విశ్వనాథన్ ధర్మాసనం మధ్యంతర ఊరటను నిరాకరించింది. ఒక ఏడాది పరిమితి మించి చేసిన అప్పును మరుసటి ఏడాది తగ్గించవచ్చన్న కేంద్రం వాదనను ప్రాథమికంగా ఆమోదించింది. 293వ అధికరణానికి ఇంతవరకూ సాధికార వ్యాఖ్యానం లేదంటూ అసలు ప్రశ్నను అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది.

అడిగినవారికి దొరికినదెంత?

2011లో అధికారానికి వచ్చిన మమతా బెనర్జీ మూడేళ్లపాటు వడ్డీ చెల్లింపులపై విరామం అడిగారు. ఒక రాష్ట్రానికి ఇస్తే అందరికీ ఇవ్వాలన్న భయంతో కేంద్రం ఒప్పుకోలేదు. 2023 అక్టోబరులో పంజాబ్ ముఖ్యమంత్రి భగవంత్ మాన్ కనీసం అయిదేళ్ల విరామం ఇప్పించాలని గవర్నరుకు లేఖ రాశారు. రాబడిలో అయిదో వంతుకు పైగా వడ్డీకే పోతున్న రాష్ట్రం అది. దానికీ అనుకూల స్పందన రాలేదు. 2024 సెప్టెంబరులో పదహారో ఆర్థిక సంఘం హైదరాబాద్ వచ్చినప్పుడు, రుణాల పునర్వ్యవస్థీకరణకైనా సాయపడాలని లేదా పన్నుల్లో వాటా అయినా పెంచాలని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కోరారు.

సూటిగా 'కాపాడండి' అని అడిగినవారికి తలుపు తెరుచుకోదు. వేరే పేరుతో వచ్చిన సాయానికి తెరుచుకుంటుంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 17 రాష్ట్రాలకు 2,94,514 కోట్ల రెవెన్యూ లోటు గ్రాంట్లు సిఫార్సు చేసింది. ఆంధ్రప్రదేశ్‌కు అందులో 30,497 కోట్లు. 2014-15 నాటి రెవెన్యూ లోటు కింద ఆంధ్రప్రదేశ్‌కు 10,461 కోట్లు 2023 మేలో, తొమ్మిదేళ్ల తర్వాత, ఒక్కసారిగా విడుదలయ్యాయి. ఆ రాష్ట్ర పార్టీ మద్దతుతో కేంద్రంలో ప్రభుత్వం ఏర్పడిన కొద్ది వారాలకు, 2024 జులై బడ్జెట్లో, అమరావతికి 15 వేల కోట్ల ఏర్పాటు ప్రకటించారు. విభజన చట్టంలోని హామీల ప్రకారం ఇవి రావలసినవేనని ఆంధ్రులు అంటే కాదనలేం. కానీ అదే హామీలు 2018లోనూ ఉన్నాయి, 2021లోనూ ఉన్నాయి. రావలసినది ఎప్పుడు వస్తుందన్నది లోక్‌సభలోని బలాబలాల మీద ఆధారపడితే, ఎంపీలు తక్కువగా ఉన్న హిమాచల్ వంటి రాష్ట్రం అయిదో తేదీ దాకా ఆగక తప్పదు.

అప్పు అదుపులో ఉంచుకున్న రాష్ట్రాలకు మరో బాధ. లోటు చూపినవారికి గ్రాంటు, పొదుపు చేసినవారికి కోత అన్న ఫిర్యాదు వాటి నుంచి ప్రతి ఆర్థిక సంఘమూ వింటోంది. అందులో నిజం ఉంది. ఆ నిజంతో పాటు ఇంకొకటి కూడా ఉంది. కేంద్రం వసూలుచేసే సెస్సులు, సర్‌ఛార్జీల్లో రాష్ట్రాలకు వాటా లేదు. పంచవలసిన మూటే చిన్నదైతే పొదుపరులూ దుబారారాయుళ్లూ ఒకే వరుసలో నిలబడవలసి వస్తుంది.

రాజ్యాంగ ధర్మాసనం తేల్చవలసిన ప్రశ్నల్లో ఇవన్నీ లేవు. రాష్ట్రానికి అప్పు చేసే హక్కు ఎంతవరకు, కేంద్రం సమ్మతి పరిధి ఎంతవరకు, కార్పొరేషన్ల రుణం ఎవరి ఖాతాలోకి వస్తుంది అన్నవి మాత్రం ఉన్నాయి. ఏ జవాబు వచ్చినా అది కేరళకు ఎంత వర్తిస్తుందో కాళేశ్వరం అప్పు తీరుస్తున్న తెలంగాణకూ, అమరావతి కోసం అప్పు తెస్తున్న ఆంధ్రప్రదేశ్‌కూ అంతే వర్తిస్తుంది. ఈలోగా ముంబయిలో రిజర్వు బ్యాంకు మంగళవారాల్లో రాష్ట్రాల రుణపత్రాలను వేలం వేస్తూనే ఉంటుంది. ఆ వారం సమ్మతి లేఖ అందిన రాష్ట్రాల పేర్లే వేలం ప్రకటనలో కనిపిస్తాయి.